బూటు కరవకుండా పరుగెత్తాలంటే

"కొత్త చెప్పు కరిచింది" అంటాం. చెప్పుకు నోరూ లేదు, పళ్ళూ లేవు. మరి ఎలా కరుస్తుంది? ఎప్పుడైనా ఆలోచించారా?

మీ మడమ మీద చూపుడు వేలు గట్టిగా ఆనించి, చర్మాన్ని పైకీ కిందికీ జరిపి చూడండి. వేలు చర్మం మీద జారదు. వేలితోపాటు పైచర్మం కదులుతుంది. లోపలి ఎముక మాత్రం తన చోటనే ఉంటుంది. అంటే పైపొర ఒకవైపుకు లాగబడుతున్నది, లోపలి పొర కదలకుండా ఉన్నది. ఇలా ఒకటి రెండుసార్లు జరిగితే నష్టం లేదు. వందలసార్లు జరిగితే రెండు పొరల మధ్య పట్టు తెగిపోతుంది. ఆ ఖాళీలోకి ద్రవం ఊరి చేరుతుంది. అదే బొబ్బ. చెప్పు కరవడమంటే ఇదే.

ఇప్పుడొక చిన్న లెక్క చేద్దాం. మీరు పాఠశాల ఆటల పోటీలలో 1500 మీటర్ల పరుగులో పాల్గొన్నారనుకోండి. ఒక్కొక్క అంగకు ఒక మీటరు చొప్పున 1500 అంగలు. ఒక్కొక్క కాలికి 750. బూటు కొంచెం వదులై, ప్రతి అంగలోనూ మడమ 5 మిల్లీమీటర్లు పైకి లేచి, మళ్ళీ 5 మిల్లీమీటర్లు కిందికి దిగుతున్నదనుకుందాం. 750 ని 10 మిల్లీమీటర్లతో గుణించండి. ఏడున్నర మీటర్లు! ఒక తరగతి గది పొడవంత మేర మీ మడమను ఎవరో రుద్దినట్టన్నమాట. చెమటతో తడిసిన చర్మానికి పొడి చర్మం కంటే ఘర్షణ ఎక్కువ. అందువల్ల కష్టం రెట్టింపవుతుంది.

కాబట్టి పరుగు బూటు ఎంచుకోవడం సరదాకు సంబంధించిన విషయం కాదు. అది కొలతకు సంబంధించిన విషయం. అందులో ఎంతో విజ్ఞానశాస్త్రం ఇమిడి ఉన్నది.

పరుగులో పాదం

ఒక్కొక్క పాదంలో 26 ఎముకలున్నాయి. వాటిని కలిపే కీళ్ళు, పట్టి ఉంచే బంధనాలు, కదిలించే కండరాలు వేరే. ఈ ఎముకలు అరికాలి కింద ఒక వంపుగా అమరి ఉంటాయి. ఈ వంపు ఎడ్లబండి చక్రాల మీది కమాను వంటిది. బరువు పడినప్పుడు కొంచెం చదునవుతుంది, బరువు తొలగగానే మళ్ళీ లేస్తుంది.

నడిచేటప్పుడు ఏదో ఒక పాదం ఎప్పుడూ నేల మీదనే ఉంటుంది. పరుగులో అలా కాదు. ప్రతి అంగలోనూ కొంతసేపు రెండు పాదాలూ గాలిలో ఉంటాయి. ఆ తరువాత శరీరమంతా ఒక్క పాదం మీదికి దిగుతుంది. న్యూటన్ మూడవ నియమం ప్రకారం మీరు నేలను ఎంత బలంతో తొక్కితే నేల మిమ్మల్ని అంత బలంతో పైకి నెడుతుంది. పరుగులో ఈ బలం శరీరపు బరువుకు రెండు మూడు రెట్లు ఉంటుంది. 40 కిలోల విద్యార్థి మీద రెండున్నర రెట్లంటే 100 కిలోల బరువు. అంటే ఒక క్వింటాలు! పావు సెకను కంటే తక్కువ కాలంలో ఇంత బలమూ ఒకే పాదం మీద పడి తొలగిపోతుంది.

ఆ బలానికి వంపు చదునైనప్పుడు పాదం కొన్ని మిల్లీమీటర్లు పొడవు పెరుగుతుంది, వేళ్ళ మొదట వెడల్పు కూడా పెరుగుతుంది. ఇది కాక, పగలంతా నిలబడి, నడిచి, సాయంత్రానికి పాదాలు కొంత ఉబ్బుతాయి. పరుగెత్తినప్పుడు కూడా ఉబ్బుతాయి. కుర్చీలో కూర్చున్న పాదానికి ఉదయం పూట సరిగ్గా సరిపోయిన బూటు, సాయంత్రం పరుగెత్తే పాదానికి ఇరుకు కావడంలో ఆశ్చర్యమేమున్నది? ఇరుకు బూటులో వేళ్ళు ముందు గోడకు పదేపదే తగిలి, గోరు కింద రక్తం గడ్డకట్టి గోరు నల్లబడుతుంది. దూరపు పరుగు వాళ్ళలో ఇది చాలామందికి తెలిసిన బాధే.

దుకాణంలో కొలిచేది ఏమిటి?

పరుగు బూట్లకే ప్రత్యేకించిన దుకాణాలు అమెరికా, యూరపు దేశాలలో చాలా ఉన్నాయి. మన పెద్ద నగరాలలో కూడా కొన్ని దుకాణాలలో పాదం కొలిచి బూట్లు ఇస్తున్నారు. అక్కడికి వెళితే "ఏ నంబరు కావాలి?" అని ముందుగా అడగరు. "ఒకసారి నిలబడండి" అంటారు. మీ పాదం కింద ఒక లోహపు పలక పెడతారు.

ఈ పలకను తయారు చేసినవాడు చార్లెస్ బ్రానాక్. అమెరికాలోని సిరక్యూస్ నగరంలో వాళ్ళ కుటుంబానికి బూట్ల దుకాణం ఉండేది. 1920 దశకంలో, చదువుకునే రోజులలోనే, అతడు దీని మొదటి నమూనాను ఇనుప పట్టీలు, మరలు కలిపి బొమ్మలు కట్టే పిల్లల ఆటసామానుతో తయారు చేశాడు. నూరేళ్ళు కావస్తున్నా ఈ సాధనం నేటికీ వాడుకలో ఉన్నది.

ఇది మూడు కొలతలు తీస్తుంది. మొదటిది మడమ నుండి అన్నిటికంటే పొడవైన వేలి చివరి వరకు పొడవు. కొందరికి బొటనవేలి కంటే పక్కవేలు పొడవని మరచిపోకండి. రెండవది పాదం వెడల్పు. మూడవది చాలామంది ఊహించనిది: మడమ నుండి బొటనవేలి మొదట ఉబ్బెత్తుగా ఉండే కీలు వరకు దూరం.

ఈ మూడవ కొలత ఎందుకు? పరుగులో మడమ లేచినప్పుడు పాదం ఆ కీలు దగ్గరే వంగుతుంది. బూటు కూడా అక్కడే వంగాలి. ఇద్దరి పాదాల పొడవు 24 సెంటీమీటర్లే కావచ్చు. కాని ఒకరికి వేళ్ళు పొడవు, మరొకరికి వేళ్ళు పొట్టి. వాళ్ళ కీళ్ళు వేర్వేరు చోట్ల ఉంటాయి. ఒకే బూటు ఇద్దరికీ తొడిగితే ఒకరికి బూటు వంగే చోటూ పాదం వంగే చోటూ కలవవు. బూటు ఒకచోట, పాదం మరొకచోట వంగడానికి పెనుగులాడతాయి. ఆ పెనుగులాటలో అలసిపోయేది పాదమే.

రెండు పాదాలనూ కొలవాలి. కుడి ఎడమ పాదాలు సరిసమానంగా ఉండడం అరుదు. పెద్ద పాదానికి సరిపోయే బూటే తీసుకోవాలి.

యవ గింజతో లెక్క

పెట్టె మీద 5, 6, 7 అని అంకెలుంటాయి. ఆ 6 ఏమిటి? సెంటీమీటర్లా, అంగుళాలా? రెండూ కాదు. ఇంగ్లీషు పద్ధతిలో ఒక నంబరుకూ తరువాతి నంబరుకూ తేడా ఒక యవ గింజ, అంటే బార్లీ గింజ, పొడవు. మూడు గింజలు నిలువుగా పేరిస్తే ఒక అంగుళమని వారి పాత లెక్క. అంగుళం 25.4 మిల్లీమీటర్లు కాబట్టి ఒక నంబరు సుమారు 8.5 మిల్లీమీటర్లు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో కూడా యవల కొలత ఉన్నది. అక్కడ 8 యవల వెడల్పు ఒక అంగుళం. ఆ అంగుళం వేలి వెడల్పు, ఇంగ్లీషు అంగుళం కాదు.

ఇంగ్లీషు పద్ధతిలో పిల్లల నంబర్లు 13 దాకా పోయి, మళ్ళీ 1 నుండి పెద్దల నంబర్లు మొదలవుతాయి. యూరపు పద్ధతిలో నంబరుకు నంబరుకు తేడా సెంటీమీటరులో మూడింట రెండు వంతులు, అనగా 6.7 మిల్లీమీటర్లు. అందుకే అక్కడ 38, 40 వంటి పెద్ద అంకెలు కనిపిస్తాయి. ఈ రెండు పద్ధతులలోనూ అంకె చెప్పేది మీ పాదం పొడవు కాదు. బూటును ఏ అచ్చు మీద కుట్టారో ఆ అచ్చు పొడవు. అచ్చు ఆకారం ఒక్కొక్క తయారీదారుది ఒక్కొక్క తీరు. ఒకరి 6 మీకు సరిపోయి, మరొకరి 6 ఇరుకు కావచ్చు. జపాను పద్ధతి మాత్రం పాదం పొడవునే సెంటీమీటర్లలో చెబుతుంది. పెట్టె మీద ఆ అంకె కూడా ఉన్నదేమో వెతకండి.

ఇంగ్లండు పాదానికీ యూరపు పాదానికీ కొలతలున్నాయి. మరి మన పాదానికి? చెన్నైలోని కేంద్రీయ చర్మ పరిశోధనా సంస్థ ఈ ప్రశ్నకు సమాధానం వెతికింది. 2021 డిసెంబరు నుండి 2022 మార్చి వరకు దేశంలోని 79 చోట్ల లక్షకు పైగా మనుషుల పాదాలను త్రిమితీయ యంత్రాలతో కొలిచారు. మనవాళ్ళ పాదాలు సాధారణంగా యూరపు, అమెరికా వాళ్ళ పాదాల కంటే వెడల్పైనవని తేలింది. ఇరుకు అచ్చు మీద కుట్టిన బూటులో వెడల్పు పాదం పట్టక, చాలామంది ఒక నంబరు పొడవైనది కొంటున్నారు. అప్పుడు వెడల్పు సరిపోతుంది గాని మడమ జారుతుంది. ఈ కొలతల ఆధారంగా "భా" అనే భారతీయ కొలతల పద్ధతిని ప్రతిపాదించారు. ఈ విషయం 2024లో పత్రికలలో వచ్చింది.

ఎక్స్ కిరణాల పెట్టె

యంత్రం ఎంత గొప్పగా కనిపిస్తే కొలత అంత సరైనదని అనుకోవడం పొరపాటు. ఇందుకొక చరిత్ర చెబుతాను.

1920 దశకం నుండి 1950 దశకం వరకు అమెరికాలోనూ, బ్రిటన్‌లోనూ అనేక బూట్ల దుకాణాలలో నిలువెత్తు చెక్క పెట్టె ఒకటి ఉండేది. బూటు తొడిగిన కాలు దాని కింది అరలో పెడితే, పైన ఆకుపచ్చని వెలుగులో పాదపు ఎముకలూ, బూటు అంచులూ కనిపించేవి. అది ఎక్స్ కిరణాల యంత్రం! పిల్లలు సంబరంగా మళ్ళీ మళ్ళీ కాలు పెట్టేవారు. రోజూ దాని పక్కనే నిలబడే దుకాణం మనుషుల మీద కూడా కిరణాలు పడేవి. ఈ కిరణాలు జీవకణాలకు హాని చేస్తాయని గుర్తించాక ప్రభుత్వాలు మేల్కొన్నాయి. 1957లో పెన్సిల్వేనియా రాష్ట్రం వాటిని నిషేధించింది. తరువాత అవి కనుమరుగయ్యాయి.

ఒక్క ప్రమాదమే కాదు, ఆ యంత్రం ప్రయోజనమూ అంతంతే. ఎముక ఎక్కడున్నదో అది చూపేది. బూటు ఎక్కడ నొక్కుతున్నదో, ఎక్కడ రాసుకుంటున్నదో చూపలేదు. ఆ సంగతి తెలిసేది తొడుక్కున్నవారికే.

ఈనాటి దుకాణాలలో అటువంటి ప్రమాదకరమైన యంత్రాలు లేవు. కొన్నిచోట్ల మిమ్మల్ని కదిలే పట్టా మీద, అంటే ట్రెడ్‌మిల్లు మీద, పరుగెత్తించి వెనుక నుండి వీడియో తీస్తారు. పాదం నేలకు తగిలాక కొంచెం లోపలివైపుకు ఒరగడం సహజం. దెబ్బను తగ్గించుకునేందుకు పాదం చేసుకునే ఏర్పాటు అది. ఎంత ఒరుగుతున్నదో చూసి, ఎక్కువ ఒరిగితే గట్టి ఆధారమున్న బూటు ఇస్తారు. మరికొందరు తడి పాదాన్ని కాగితం మీద వేయించి, ముద్రను బట్టి వంపు ఎక్కువా తక్కువా అని చెబుతారు. వంపును బట్టి బూటు ఇస్తే గాయాలు తగ్గుతాయని చాలాకాలం అందరూ నమ్మారు.

నమ్మకం వేరు, రుజువు వేరు. అమెరికా సైన్యంలోని మూడు విభాగాలలో కొత్తగా చేరినవారి మీద దీనిని పరీక్షించారు. ఒక గుంపుకు వంపును బట్టి రకరకాల బూట్లు ఇచ్చారు. రెండవ గుంపులో వంపు ఎలా ఉన్నా అందరికీ ఒకే రకం బూటు ఇచ్చారు. శిక్షణ ముగిశాక గాయాలు లెక్కించారు. 2009, 2010 సంవత్సరాలలో ఫలితాలు ప్రకటించారు. రెండు గుంపుల మధ్య చెప్పుకోదగిన తేడా లేదు! ఎంత సబబుగా తోచిన ఊహనైనా ఇలా సరిపోల్చి పరీక్షించాలి. విజ్ఞానశాస్త్రపు పద్ధతి అదే.

మరి దేనిని బట్టి ఎంచుకోవాలి? కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన బెన్నో నిగ్గ్, అతని సహచరులు 2015లో ఒక సూచన చేశారు: పరుగెత్తేవారు తమకు హాయిగా తోచిన బూటును ఎంచుకుంటే పాదం తన సహజమైన కదలికను తాను కాపాడుకుంటుందని. ఇది ఇంకా పరీక్షలకు నిలబడవలసిన అభిప్రాయమే. అయినా చేతిలో ఉన్న కొలబద్దలలో ఇది చవకైనది, అందరికీ అందుబాటులో ఉన్నది. పొడవు, వెడల్పు, కీలు దూరం కొలవడం మొదటి మెట్టు. తొడుక్కుని పరుగెత్తి చూడడం చివరి మెట్టు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా మారథాన్ పరుగులో బూట్లు లేకుండా పరుగెత్తాడు. అక్కడ దొరికిన బూట్లు కాలికి సరిగా అమరలేదని చెబుతారు. ఉత్త కాళ్ళతో 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో గమ్యం చేరి స్వర్ణపతకం గెలిచాడు. 1964లో టోక్యోలో బూట్లతో పరుగెత్తి, 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో మళ్ళీ గెలిచాడు. అలవాటైన ఉత్త పాదంతో గెలవవచ్చు, అమరిన బూటుతోనూ గెలవవచ్చు. అమరని బూటుతోనే చిక్కు.

పెరిగే కాళ్ళ సమస్య

ఇక మన ఇళ్ళ సంగతికి వద్దాం. "పెరిగే కాళ్ళు గదా, రెండు నంబర్లు పెద్దది తీసుకుందాం. వచ్చే ఏడు కూడా పనికొస్తుంది" అని అమ్మా నాన్నా అంటారు. వారి మాటలో న్యాయం లేకపోలేదు. డబ్బు చెట్లకు కాయదు. మన దేశంలో జరిగిన పై పరిశీలనలోనే పాదాల పెరుగుదల బాలికలలో 11వ ఏటికీ, బాలురలో 15, 16 ఏళ్ళకూ గరిష్ఠ స్థాయికి చేరుతుందని తేలింది. అంటే ఉన్నత పాఠశాలలో చదివే బాలుర పాదాలు ఇంకా పెరుగుతున్నాయన్నమాట.

అయితే లెక్క చూడండి. రెండు నంబర్లంటే 17 మిల్లీమీటర్లు. పరుగుకు అవసరమైన ఖాళీ పైన ఇంత అదనం చేరితే పాదం బూటులో ఈదులాడుతుంది. మడమ జారుతుంది. బూటు ఊడిపోకుండా వేళ్ళు ముడుచుకుని పట్టుకోవలసి వస్తుంది. బూటు వంగే చోటు ముందుకు జరిగిపోతుంది. ఆ బూటుతో బడికి నడిచి వెళ్ళవచ్చునేమో గాని, పరుగెత్తితే బొబ్బలూ, బెణుకులూ తప్పవు. పరుగు మీద ఇష్టమున్న పిల్లవాడు నాలుగు రోజులు కుంటి, "నాకు పరుగు చేతకాదు" అనుకుని మానివేస్తే, ఆ నష్టం బూటు ఖరీదు కంటే పెద్దది. ఖరీదైన అమరని బూటు కంటే చవకైన అమరిన బూటు మేలు. డబ్బు మిగల్చాలంటే మిగల్చవలసింది ఖరీదులో, కొలతలో కాదు.

అక్కదీ అన్నదీ పాత బూటు తొడుక్కునేవారు కూడా ఇదే కొలత పాటించాలి. లోపలి మెత్త మీద వాళ్ళ పాదపు గుంటలు పడి ఉంటే, మడమ వైపు సోలు ఒకపక్కకు అరిగి ఉంటే, ఆ బూటు పరుగుకు వద్దు.

మీరే కొలిచి చూడండి

దగ్గరలో ప్రత్యేక దుకాణం లేదా? విచారించకండి. ఒక తెల్లకాగితం, పెన్సిలు, స్కేలు ఉంటే చాలు.

1. సాయంత్రం పూట, పరుగుకు వాడే మేజోళ్ళు తొడుక్కుని, కాగితాన్ని గోడకు ఆనించి దాని మీద నిలబడండి. మడమ గోడకు తగలాలి. బరువంతా ఆ కాలి మీద ఉంచండి.

2. పొడవైన వేలి చివర మరొకరి చేత గుర్తు పెట్టించండి. మీరే వంగి పెట్టుకుంటే బరువు మారి కొలత తప్పుతుంది. పాదం అన్నిటికంటే వెడల్పుగా ఉన్నచోట రెండు పక్కలా గుర్తులు పెట్టించండి. బొటనవేలి కీలు దగ్గర ఇంకొక గుర్తు.

3. రెండవ పాదాన్ని కూడా ఇలాగే కొలవండి. తరువాత కూర్చుని ఒకసారి, మరునాడు ఉదయం ఒకసారి కొలిచి, తేడాలు పట్టికలో రాయండి.

ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని దుకాణానికి వెళ్ళండి. బూటు లోపలి మెత్త ఊడివస్తే దానిని తీసి నేల మీద పరచి, దాని మీద నిలబడండి. వేలి ముందు 1 నుండి 1.5 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. అంటే మీ చేతి బొటనవేలు అడ్డంగా పట్టేంత. పాదం పక్కలకు మెత్త దాటి రాకూడదు. తరువాత బూటు తొడుక్కుని, మడమను నేల మీద తట్టి వెనుకకు జరుపుకుని, అప్పుడు లేసులు బిగించండి. వేళ్ళు లోపల ఆడాలి, మడమ మాత్రం కదలకూడదు. బూటును చేతులతో వంచి చూడండి. కీలు ఉండే చోటనే వంగాలి, నడిమధ్యన మడతపడకూడదు. చివరగా దుకాణం ముందు అటూ ఇటూ పరుగెత్తండి. "కొన్నాళ్ళకు సాగుతుందిలే బాబూ" అని అమ్మేవారు సర్దిచెబితే మర్యాదగా ఇంకొక జత అడగండి. నొక్కే బూటు సాగేలోపల మీ చర్మం ఓడిపోతుంది.

మూడు నాలుగు నెలలకు ఒకసారి పాదాలు మళ్ళీ కొలవండి. ముందున్న ఖాళీ అర సెంటీమీటరుకు తగ్గితే ఆ బూటు పరుగుకు పనికిరాదు. మీ తరగతిలో అందరి పాదాలూ కొలిచి పట్టిక తయారు చేయండి. కుడి ఎడమ పాదాలు సమానంగా ఉన్నవారెందరు? పక్కవేలు పొడవుగా ఉన్నవారెందరు? ఉదయానికీ సాయంత్రానికీ ఎక్కువ తేడా వచ్చింది ఎవరికి? ఆ పట్టికను ఆటల పోటీలకు ముందే మీ వ్యాయామోపాధ్యాయునికి చూపండి. ఎవరి బూటు ఎవరిని కరవబోతున్నదో పరుగు మొదలు కాకముందే తెలిసిపోతుంది.